కొండమీద దాహం, గుహలో వరద
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పొద్దున బయల్దేరి సున్నపురాయి శిఖరం ఎక్కి, దారిలో గుహ, జలపాతం చూసుకుని, చీకటి పడేలోగా దిగిపోవడం. ఈ ఒక్కరోజు నడక గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: శిఖరానికి రానూపోనూ 14 కి.మీ., ఎక్కాల్సిన ఎత్తు 750 మీటర్లు. మాలో ఒకరు మూడు గంటల పనేనంటున్నారు, ఇంకొకరు రోజంతా పడుతుందంటున్నారు. ఉదయం 9కి బయల్దేరితే చాలదా? పొద్దుగూకేది 6 గంటలకు.

జవాబు: రోజంతా అన్నవారి మాటే నిజం. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటుంది. ప్రతి 5 కి.మీ.కు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు పైన ఇంకో గంట. ఆ ప్రకారం మీ 14 కి.మీ.కు 2 గంటల 48 నిమిషాలు, 750 మీటర్లకు గంటంపావు, కలిపి 4 గంటల 3 నిమిషాలు. కానీ ఇది మంచి బాట మీద ఎక్కడా ఆగకుండా నడిచేవారి లెక్క. సున్నపురాయి మీద వరసగా పది అడుగులు చదునుగా దొరకడమే కష్టం. కత్తి అంచుల్లాంటి గట్లు, వాటి మధ్య కాలు దూరేంత పగుళ్ళు. ప్రతి అడుగూ చూసి వెయ్యాల్సిందే. అందుకని ఒకటిన్నర రెట్లు వేసుకోండి: 6 గంటలు. గుహకు గంట, జలపాతం దగ్గర ముప్పావుగంట, తినడానికీ కూర్చోవడానికీ ఇంకో ముప్పావుగంట కలిపితే ఎనిమిదిన్నర గంటలు తేలింది.

ఆరున్నరకు కదిలితే మధ్యాహ్నం మూడుకు కిందుంటారు, మూడు గంటల వెలుతురు చేతిలో మిగులుతుంది. తొమ్మిదికి కదిలితే దిగేసరికి ఐదున్నర. మిగిలేది అరగంట. ఒకరి చీలమండ బెణికిందంటే ఆ అరగంట ఏ మూలకూ రాదు.

వెనక్కి తిరిగే వేళను కింద ఉండగానే ఖాయం చేసుకోండి. మీ లెక్కకు 12 గంటలు సరిపోతుంది. పన్నెండు కొట్టేసరికి ఎక్కడుంటే అక్కడినుంచే వెనక్కి, శిఖరం ఇంకో పది నిమిషాలే అనిపించినా సరే. పది నిమిషాల్లో అందుతుందనిపించేది చాలాసార్లు శిఖరం కాదు, దాని ముందు అడ్డంగా ఉన్న గుట్ట. శిఖరం, గుహ రెండూ పొద్దుటి పూటే ముగించి, జలపాతాన్ని తిరుగుదారికి వదిలెయ్యండి. మబ్బు పట్టేది ఎక్కువగా మధ్యాహ్నాలే, మబ్బు పట్టాక ఉండకూడని చోట్లు శిఖరమూ గుహా. ఇక నడక వేగం అంటారా, అందరిలో నెమ్మదిగా నడిచేవారి వేగమే గుంపు వేగం. వారిని చివర్లో వదలకుండా ముందునుంచి రెండోవారిగా నడిపించండి. చివర్లో ఉన్నవారికి ఆగి ఊపిరి పీల్చుకునే వీలే ఉండదు. వారు వచ్చి చేరేసరికి ముందువాళ్ళు విశ్రాంతి ముగించుకుని లేచి నిలబడతారు.

ప్రశ్న: జలపాతాలున్న కొండకు నీళ్ళు మోసుకెళ్ళమంటారెందుకు? సీసా ఒకటి పట్టుకెళ్ళి దారిలో నింపుకుంటే బరువు తగ్గుతుంది కదా?

జవాబు: నింపుకోవడానికి పైన నీళ్ళుండవు. ఈ కొండకు కొత్తగా వచ్చినవారు మొదట బోల్తాపడేది ఇక్కడే.

వాననీరు గాలిలోంచి కాస్త, మట్టిలోంచి అంతకంటే చాలా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. సోడాలో ఉండే ఆమ్లమే, మరీ పలచగా తయారవుతుంది. సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. అది ఆ ఆమ్లానికి కరుగుతుంది. వేలూ లక్షల ఏళ్ళు పగుళ్ళ వెంట కరగ్గా కరగ్గా వెంట్రుకవాసి సందు గొట్టమవుతుంది, గొట్టం గుహ అవుతుంది. ఇలాంటి నేలను కార్స్ట్ అంటారు. స్లొవేనియా, ఇటలీ సరిహద్దులో క్రాస్ అనే పీఠభూమి ఉంది, ఆ పేరు మీద వచ్చిన మాట. ఈ నేల మీద పడ్డ వాన వాగై పారదు. ఉన్నచోటే ఇంకిపోయి, కొండ కడుపులో నడిచి, ఎక్కడో పాదం దగ్గర ఊటగానో జలపాతంగానో బయటపడుతుంది. కింద జలపాతం హోరెత్తుతున్నా పైసగం ఎండిపోయి ఉండడం అందుకే. మ్యాప్‌లో నీలిగీత కొండ మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతే అది అచ్చుతప్పు కాదు, వాగు అక్కడ భూమిలోకి దిగిపోయిందని అర్థం.

చల్లటి రోజు గంటకు అర లీటరు, ఎండ కాస్తే ముప్పావు లీటరు నుంచి లీటరు లెక్కేసుకోండి. ఎనిమిదిన్నర గంటల నడకకు తక్కువలో తక్కువ మనిషికి 4 లీటర్లు, ఎండ రోజైతే 6. అంటే నీళ్ళే 4 నుంచి 6 కిలోలు. బరువే, కానీ తగ్గించుకోవాల్సిన బరువు ఇది కాదు. అన్నీ ఒకే సీసాలో, ఒకే సంచిలో పొయ్యకండి. పదునైన రాయి మీద సంచి ఒక్కసారి ఒరుసుకుంటే చాలు, తూటు పడుతుంది. రెండు మూడు చోట్ల ఉంటే పోయినా కొంతే పోతుంది. శిఖరం చేరకముందే సగం ఖాళీ అయిందంటే అక్కడే వెనక్కి తిరగండి, ఎందుకంటే తిరుగు ప్రయాణం అసలు ఎండలో పడుతుంది.

గంటల తరబడి వట్టి నీళ్ళే తాగుతూ పోవడమూ మంచిది కాదు. చెమటలో పోయిన ఉప్పు తిరిగి చేరక రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. అది చూసి దాహం అనుకుని ఇంకా నీళ్ళు పట్టిస్తే పరిస్థితి విషమిస్తుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు వేసుకోండి. అవి లేకపోతే లీటరు నీటికి తలగొట్టి కొలిచిన 6 టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు. ఉప్పు ఇంతకు మించకూడదు.

ప్రశ్న: కొండ పాదం దగ్గర ఊట అద్దంలా ఉంది. రాళ్ళలోంచి వడగట్టుకుని వచ్చిన నీరు కదా, నేరుగా తాగొచ్చా?

జవాబు: తాగకూడదు. ఇసుక నేలలో నీరు రేణువుల మధ్య మెల్లగా జారి వడకట్టబడుతుంది. ఇక్కడ అలా కాదు. పైన గుంతలో పడ్డ నీరు గొట్టంలోంచి జారినట్టు గంటల్లో, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లో కింద తేలుతుంది. పైన ఓ గుంతలో జంతువు చచ్చి పడుంటే ఆ నీరే మీ దోసిట్లోకి వస్తుంది. చూపుకు తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు. నీళ్ళు సలసలా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచండి, 2000 మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు. క్లోరిన్ బిళ్ళ వేస్తే పొట్లం మీద రాసిన వ్యవధి, సాధారణంగా అరగంట, ఆగాలి. మడ్డిగా ఉన్న నీటిలో బిళ్ళ సరిగ్గా పనిచెయ్యదు. ముందు మెత్తటి గుడ్డతో రెండుసార్లు వడకట్టి అప్పుడు వెయ్యండి.

ప్రశ్న: ఎలాంటి బూట్లు వేసుకోవాలి? నాకు మోకాళ్ళ నొప్పి కూడా ఉంది, చేతికర్రలు ఉపయోగపడతాయా?

జవాబు: ఎండగా ఉన్నప్పుడు సున్నపురాయి బూటును గట్టిగా పట్టుకుంటుంది. గరుకుగా, అరంలా ఉంటుంది. అదే రాయి రెండు పరిస్థితుల్లో గాజుపలక అవుతుంది: పది మందీ తొక్కి తొక్కి నునుపు తేలినచోట, తడిసినచోట. రెండూ ఒకేచోట కలిశాయంటే మంచు మీద నడిచినట్టే. బాటలో ఎవరైనా అడుగు పెట్టక తప్పని రాళ్ళను చూడండి, నడినెత్తి మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు మీద కాలు పెట్టకుండా పక్కనున్న గరుకు అంచు మీద పెట్టండి.

సోలు మెత్తటి రబ్బరుదై, అడుగున లోతైన గాళ్ళుండాలి. వేలిగోరుతో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. గట్టి ప్లాస్టిక్‌లా తగిలితే తడి రాయి మీద నిలబడదు. చీలమండ దాటి పైదాకా వచ్చే బూటైతే పగుళ్ళలో కాలు ఇరుక్కున్నప్పుడు చర్మం చెక్కుకుపోకుండా కాపాడుతుంది. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోకండి, ముందు కనీసం 20, 30 కి.మీ. అలవాటు కావాలి. మడమ వేడెక్కినట్టు అనిపించగానే ఆగి టేపు అంటించండి. మరో అరగంట చూద్దాంలే అనుకుంటే బొబ్బ లేస్తుంది. బొబ్బ లేచాక చేసేదంతా సర్దుబాటే. చేతులకు పలచటి తొడుగులు వేసుకోండి. ఈ రాళ్ళ మీద పడితే గీత పడి ఊరుకోదు, బ్లేడు కోసినట్టు తెగుతుంది. తెగితే అర లీటరు శుభ్రమైన నీళ్ళతో ధారగా కడిగి, పది నిమిషాలు చెయ్యి తియ్యకుండా అదిమిపట్టండి. మధ్యలో గుడ్డ ఎత్తి చూశారంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

మోకాళ్ళ సంగతికి వస్తే, ఎక్కేటప్పుడు ఆయాసమే, బాధపెట్టేది దిగడం. కర్రలు బాగా పనికొస్తాయి. చదునులో మోచెయ్యి లంబకోణంలో ఉండేట్టు పెట్టుకున్న కర్రను దిగేటప్పుడు 5 నుంచి 10 సెం.మీ. పొడవు చేసుకోండి. ముందు కర్ర, తర్వాత కాలు, అడుగులు చిన్నవి. అయితే ఈ కొండ మీద కర్రకు తనవైన తిప్పలున్నాయి. ఉక్కు మొన నున్నటి రాయి మీద జారుతుంది, రబ్బరు టోపీ తొడగండి. ఇంకా ముఖ్యం, మొన పగుల్లో దిగి ఇరుక్కుంటుంది. మణికట్టుకు పట్టీ బిగించి ఉంటే మీరు ముందుకి, కర్ర వెనక్కి. మణికట్టైనా మెలితిరుగుతుంది, కర్రైనా విరుగుతుంది. రాళ్ళున్నచోట పట్టీలోంచి చెయ్యి తీసెయ్యండి. చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన చోట్ల కర్రలు మడిచి సంచిలో పెట్టెయ్యండి.

ప్రశ్న: గుహలోకి వెళ్ళడానికి సెల్‌ఫోన్ లైటు చాలుతుందా? లోపల గాలి సరిపోతుందో లేదో కొవ్వొత్తి వెలిగించి చూస్తే తెలుస్తుందంటారు, నిజమేనా?

జవాబు: రెంటికీ కాదనే జవాబు.

గుహల్లో తిరిగేవారి నియమం మనిషికి మూడు లైట్లు, మూడింటికీ విడిగా బ్యాటరీలు. ఒకటి తలకు కట్టుకునేది, రెండోది దానికి మారు, మూడోది ఏదైనా సరే చిన్న టార్చి. అతిగా అనిపిస్తే ఇలా ఆలోచించండి. వెన్నెల లేని రాత్రి కూడా బయట కళ్ళు కాసేపటికి అలవాటుపడతాయి. గుహలో మలుపు తిరిగాక ఉండే చీకటికి కళ్ళు ఎప్పటికీ అలవాటుపడవు, అక్కడ వెలుతురంటూ ఏమీ లేదు గనుక. ముఖానికి ఎదురుగా పెట్టుకున్న చెయ్యి కనబడదు. ఫోను లైటు ఒక చెయ్యిని కట్టేస్తుంది, జారి నీళ్ళలో పడితే దారీ పోతుంది, ఆపదలో పిలిచే సాధనమూ పోతుంది. పైగా రాతి లోపల సిగ్నలు అందదు.

తలకు హెల్మెట్ తప్పనిసరి. పైనుంచి రాయి పడుతుందని కాదు, అది అరుదు. తలెత్తితే రాయి తగులుతుంది, మాటిమాటికీ తగులుతుంది. బట్టలు పొడిగా ఉంచుకోండి. గుహ లోపలి వేడి ఏడాది పొడుగునా దాదాపు ఒకేలా, బయటి వార్షిక సగటుకు దగ్గరగా ఉంటుంది. గాలిలో తేమ నూటికి నూరు శాతానికి దగ్గర. తడిసిన బట్ట అక్కడ ఆరదు, కూర్చున్న పావుగంటలో వణుకు మొదలవుతుంది. నలుగురికి తక్కువగా వెళ్ళకండి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఇద్దరు బయటికి వెళ్ళి సాయం తేవాలి. అందుకే ఆ నాలుగు అంకె. ఏ గుహలోకి వెళుతున్నారో, ఏ వేళకు ఫోను రాకపోతే వెతకడం మొదలుపెట్టాలో బయట ఒకరికి చెప్పి వెళ్ళండి. ప్రతి చీలిక దగ్గరా ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. వచ్చేటప్పుడు మీకు కనబడబోయేది ఆ దృశ్యమే, వెళ్ళేటప్పుడు చూసినది కాదు. దారి తప్పిన వారిలో చాలామంది చేసిన పొరపాటు ఈ ఒక్క చూపు చూడకపోవడమే. నిలువు బావిలా దిగే చోట తాడు పని తెలియనివారు అంచు దగ్గరికి కూడా పోవద్దు.

ఇక కొవ్వొత్తి. గుహల్లో భయపడాల్సింది ఆక్సిజన్ తగ్గడం కంటే ముందు కార్బన్ డయాక్సైడ్ పెరగడానికి. బయటి గాలిలో అది 0.04 శాతం. గాలి కదలని పల్లపు గదుల్లో, ఆకులూ కొమ్మలూ కొట్టుకొచ్చి కుళ్ళినచోట పేరుకుంటుంది. 3 శాతం చేరితే ఊపిరి ఎగపోస్తుంది, తల దిమ్మెక్కుతుంది. 10 శాతం దరిదాపుల్లో స్పృహ పోతుంది. కొవ్వొత్తి ఆరేది మాత్రం ఆక్సిజన్ 21 నుంచి సుమారు 16 శాతానికి పడిపోయినప్పుడు. అంటే మనిషికి హాని చేసేంత కార్బన్ డయాక్సైడ్ ఉన్నచోట కూడా దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉండొచ్చు. మీ ఊపిరినే గమనించండి. కష్టపడని చోట ఆయాసం వస్తే, తలనొప్పి మొదలైతే, మాట్లాడుకోకుండా వచ్చిన దారినే ఎత్తుకు తిరగండి.

ప్రశ్న: వాన పడకపోతే గుహలో వరద రాదు కదా?

జవాబు: మీ నెత్తిన వాన పడనక్కర్లేదు. కొండ అవతలి పీఠభూమి మీద పడితే చాలు. అక్కడ వందలాది గుంతలు వాననీటిని గరాటుల్లా మింగి లోపలి గొట్టాలకు అందిస్తాయి. గొట్టం ఇరుకైనచోట నీరు వెనక్కి తన్నుతుంది, అప్పుడు మట్టం మీటర్ల కొద్దీ పెరగడానికి ఎంతోసేపు పట్టదు. మీరు గుహలోకి దిగేటప్పటికి ఆకాశం నీలంగానే ఉండొచ్చు.

2018 జూన్ 23న థాయ్‌లండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి వెళ్ళిన 12 మంది కుర్రాళ్ళు, వారి ఫుట్‌బాల్ కోచ్ ఇలాగే చిక్కుకున్నారు. జులై 2న వారి ఆచూకీ దొరికింది, జులై 10కి గానీ అందరూ బయటికి రాలేదు. ఆ ప్రయత్నంలో ఒక డైవర్ ప్రాణం పోయింది. అదీ సున్నపురాయి గుహే.

గుహ ముఖద్వారంలో ఒక నిమిషం ఆగి గోడలు చూడండి. తల ఎత్తున, ఇంకా పైన, పగుళ్ళలో ఎండుటాకులు, పుల్లలు ఇరుక్కుని ఉంటే నీరు ఒకప్పుడు అక్కడిదాకా వచ్చి వెళ్ళిందన్నమాట. పైకప్పుకు కూడా అంటుకుని ఉంటే ఆ గది ఆసాంతం మునుగుతుంది. లోపల ఉండగా తేట నీరు టీ రంగుకు తిరిగినా, ఆకులూ నురగా తేలుతూ వచ్చినా, నీటి చప్పుడు మారినా, నిలకడగా వీచే గాలి హఠాత్తుగా ఆగినా ఇంకో ఫొటో అనుకోకుండా బయటికి నడవండి. బయటికి దారి అప్పటికే మునిగితే ఈదే ప్రయత్నం చెయ్యకండి. ఆకుల గుర్తుకంటే ఎత్తైన చోటు చూసుకుని, ఒకరినొకరు ఆనుకుని కూర్చుని, ఒక్క లైటే వెలిగించుకుని ఆగండి. చాలా గుహల్లో వాన తగ్గాక మట్టం తిరిగి దిగుతుంది. ముందు రోజుల్లో గట్టి వాన పడినా, ఆ రోజుకు వాన సూచన ఉన్నా గుహను ఆ పూటకు మానెయ్యండి.

ప్రశ్న: జలపాతం కింది మడుగులో దూకొచ్చా? ఇంకో సందేహం: కొన్ని జలపాతాల మీదుగా మనుషులు నడిచి ఎక్కుతున్న ఫొటోలు చూశాం, జారరా?

జవాబు: దూకొద్దు. పైనుంచి నీరు ఏళ్ళ తరబడి రాళ్ళను తెచ్చి పడేసే చోటు అది. నిన్న లోతుగా ఉన్నచోట ఇవాళ బండ ఉండొచ్చు. ధార పడేచోట నీరంతా గాలి బుడగలే. నురగలో మనిషి తేలడు, ఈత వచ్చినా చేతికి పట్టు దొరకదు. కొండ కడుపులోంచి వచ్చే నీరు కాబట్టి ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతుంది. వేడెక్కిన ఒంటితో ఒక్కసారిగా పడితే ఊపిరి ఎగబీల్చడం మన చేతుల్లో ఉండదు, ఆ ఒక్క గుక్కే నీళ్ళు మింగిస్తుంది. మడుగు అంచున, ధారకు దూరంగా, నడుము లోతు మించకుండా దిగండి. ధార వెనక గోడకు ఆనుకుని నిలబడడం ఫొటోకు బాగుంటుంది, పైనుంచి రాళ్ళు పడేది సరిగ్గా అక్కడే. జలపాతం పైఅంచున వాగు దాటడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మోకాలి లోతు నీరు కూడా వేగంగా ఉంటే కాళ్ళు లాగేస్తుంది, అక్కడ జారితే ఆగడానికి చోటుండదు.

నడిచి ఎక్కే జలపాతాలు నిజమే. సున్నం కరిగిన నీరు చిందినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. అది పోగానే నీరు మోస్తున్న సున్నం నిలవలేక రాళ్ళ మీద, నాచు మీద, పడున్న కొమ్మల మీద పొరలుగా పేరుకుంటుంది. గుహలో రాయిని తిన్న నీరే జలపాతం దగ్గర రాయిని కడుతుందన్నమాట. క్రొయేషియాలో ప్లిట్విట్సె సరస్సుల మధ్య అడ్డుకట్టలు ఇలా పెరిగినవే. థాయ్‌లండ్‌లో చియాంగ్ మాయి దగ్గరి బువా తోంగ్ జలపాతం మీద కాళ్ళు అంటుకున్నట్టు నిలబడేదీ ఈ గరుకు పొర వల్లే. అయితే పొర బిస్కట్టు రంగులో, చేత్తో తడిమితే ఇసుక కాగితంలా ఉన్నచోటే పట్టు. ఆకుపచ్చగానో నల్లగానో నిగనిగలాడితే అది పాచి, జారుతుంది. కొత్తగా పెరిగిన అంచులు లోపల డొల్ల. మనిషి బరువుకు పెళుసుగా విరుగుతాయి, తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుంది. ఎక్కనిచ్చే చోటే ఎక్కండి. ఆ నీళ్ళలో సబ్బు, షాంపూ కలపకండి.

ప్రశ్న: దారి తప్పితే వాగు వెంట కిందికి నడిస్తే ఊరు చేరతామని ఎప్పటినుంచో విన్నాం.

జవాబు: వేరే కొండల్లో ఆ మాట కొంతవరకు చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. సున్నపురాయి కొండల్లో వాగు మిమ్మల్ని తీసుకెళ్ళేది రెండే చోట్లకు: భూమిలోకి మాయమయ్యే బిలం దగ్గరికి, లేదా జలపాతం నెత్తికి. పైన ఉన్న లోయల్లో చాలావాటికి బయటికి దారే ఉండదు. గిన్నెలా నాలుగువైపులా గట్టు, మధ్యలో గుంత. దిగుతున్నాం కదా అని సంబరపడి అడుగుకు చేరితే మళ్ళీ ఎక్కాల్సిందే. ఇలాంటి గిన్నెలు పక్కపక్కన పదులకొద్దీ ఉంటాయి, ఒకదానికీ మరోదానికీ తేడా తెలియదు.

తప్పామని అనుమానం రాగానే ఆగండి. కచ్చితంగా తెలిసిన చివరి గుర్తు ఎక్కడో తలుచుకుని, వచ్చిన దారినే అక్కడికి తిరిగి వెళ్ళండి. అడ్డదారి వద్దు. పొదలు గుబురుగా పెరిగిన పల్లాన్ని చుట్టి పోండి, తొక్కి పోవద్దు. ఆకుల కింద నోరు తెరుచుకున్న బిలం ఉండొచ్చు. కొండచరియల పక్కన జీపీఎస్ సంకేతాలు రాతి గోడలకు తగిలి వస్తాయి కాబట్టి చుక్క పదుల మీటర్లు పక్కన చూపిస్తుంది. అంచు దగ్గర ఫోనును కాదు, కళ్ళను నమ్మండి. దిక్సూచికి ఈ రాయితో పేచీ లేదు, సున్నపురాయిలో అయస్కాంత గుణం ఉండదు. మ్యాప్ ముందే దించుకుని, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే బ్యాటరీ మిగులుతుంది. ఆ మోడ్‌లో కూడా జీపీఎస్ పనిచేస్తుంది.

సాయానికి పిలవాలంటే అరవకండి, గొంతు పది నిమిషాల్లో పోతుంది. ఈల ఊదండి. నిమిషంలో ఆరుసార్లు, తర్వాత నిమిషం మౌనం, మళ్ళీ ఆరు. విన్నవారు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. బదులు వచ్చాక కూడా వారు మీ దగ్గరికి చేరేదాకా ఊదుతూనే ఉండండి, ఈ రాళ్ళ మధ్య చప్పుడు ఎటునుంచి వస్తోందో ఒకసారికి పోల్చుకోలేరు.

ప్రశ్న: పైన ఉండగా ఉరుములు మొదలైతే గుహ ముందు తలదాచుకోవచ్చా?

జవాబు: లోతులేని గుహనోరు, రాతిచూరు కింద చోటు, ఈ రెండూ ఉరుముల వేళ పనికిరావు. పిడుగు విద్యుత్తు రాతి ఉపరితలం మీదుగా, తడి పగుళ్ళ వెంట పారుతూ వచ్చి, నోరు తెరిచి ఉన్నచోట పైఅంచు నుంచి కిందికి దూకుతుంది. మధ్యలో ఉన్న మనిషే దానికి దగ్గరి దారి అవుతాడు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి 3తో భాగించండి, అన్ని కిలోమీటర్ల దూరం. 30 సెకన్ల లోపు వినిపించిందంటే శిఖరం, ఎత్తైన గట్టు, ఒంటరి చెట్టు అన్నీ వదిలి పల్లానికి దిగండి, కానీ వాగు పక్కకు కాదు. ఒకరికొకరు ఎడంగా నడవండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాటాకే మళ్ళీ పైకి.

ప్రశ్న: గబ్బిలాలున్న గుహలోకి పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

జవాబు: గబ్బిలాలు గుంపులుగా వేలాడే గదిలోకి పెద్దలు కూడా వెళ్ళకపోవడమే మేలు. ఎండిన రెట్ట దుమ్ము లేస్తే అందులోని హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 3 నుంచి 17 రోజుల తర్వాత జ్వరం, దగ్గు వస్తే డాక్టరుకు గుహలోకి వెళ్ళిన సంగతి తప్పక చెప్పండి. చెప్పకపోతే మామూలు ఫ్లూ అనుకుంటారు. గబ్బిలం కరిచినా, గోరు గీసుకున్నా, గాయం కంటికి ఆననంత చిన్నదైనా సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకాకు వెళ్ళాలి. వాటికీ మనవల్ల ముప్పే. ఉత్తర అమెరికాలో గబ్బిలాలను లక్షల్లో చంపిన తెల్లముక్కు జబ్బు 2006లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక గుహలో మొదట కనిపించింది. ఆ జబ్బు తెచ్చే శిలీంధ్రం బూట్లకు, బట్టలకు అంటుకుని మరో గుహకు పోగలదు. ఒక గుహ బురదను ఇంకో గుహలోకి మొయ్యకండి.

ప్రశ్న: కింద విరిగి పడున్న ముక్కే, ఒకటి జ్ఞాపకంగా తెచ్చుకుంటే తప్పేమిటి? పైనుంచి వేలాడేవాటిని ఒకసారి తాకి చూస్తే?

జవాబు: పైనుంచి వేలాడే రాతి ఊడల కొసన నిలిచిన నీటిబొట్టును లైటు వేసి దగ్గరగా చూడండి. అది రాలేలోగా బొట్టు చుట్టూ వెంట్రుకంత మందం కూడా లేని సున్నపు ఉంగరం మిగిలిపోతుంది. బొట్టు మీద బొట్టుగా, ఉంగరం కింద ఉంగరంగా అది పెరుగుతుంది. చాలాచోట్ల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు, అంటే జానెడు ఊడకు రెండు వేల ఏళ్ళు. వేలు తగిలితే చర్మం మీది జిడ్డు ఆ కొసకు అంటుకుంటుంది, సున్నం పేరుకోదు, ఆ చోటు మురికి రంగుకు తిరుగుతుంది. కింద పడున్న ముక్కనూ అక్కడే వదిలెయ్యండి. దాని మీదా పైనుంచి బొట్టు పడుతూనే ఉంటుంది, కొన్నాళ్ళకు నేలకు అతుక్కుని అక్కడినుంచే ఇంకో మొలక లేస్తుంది.